కొమ్మలమ్మ దారిలో ఎడమ చెప్పు

నేను ఒక టైరు చెప్పును. ఎడమ కాలిది. ఈ ఎడమ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కథ మధ్యలో తెలిస్తే మీ మొహాలు మారిపోతాయి. మనుషులకు ఎడమంటే చిన్నచూపు. కొత్త ఇంట్లోకి కుడికాలు, గుడిలోకి కుడికాలు, కొత్తకోడలు గడప దాటినా కుడికాలు. మరి ఎడమకాలు బయటే ఉండిపోతోందా? అదీ లోపలికే వస్తుంది. కాకపోతే ఎవరూ చూడనప్పుడు వస్తుంది.

చెప్పు కాకముందు నేను లారీ టైరుని. మా లారీ ఘాటీల్లో పనసకాయలు మోసేది. ఆ రోజుల్లో నేను ఎంత జోరుగా తిరిగేదాన్నంటే, ఒకసారి గట్టి మలుపులో మా లారీ వెనక లైట్లు మాకే ఎదురొచ్చాయి. ఎవడో అడ్డమొస్తున్నాడని మా డ్రైవరు హారన్ కొట్టి తిట్టాడు కూడా. నమ్మకపోతే ఆ డ్రైవర్నే అడగండి. ఎక్కడున్నాడో నాకు తెలీదు గానీ, అడగడం మాత్రం అడగండి.

నా ఒంటిమీద గీతలన్నీ అరిగి గుండు అయ్యాక, ఇక రోడ్డుకి పనికిరానని నన్ను విప్పి పడేశారు. నేరేడువలస సంతలో చెప్పులు కుట్టే అసిరయ్య నన్ను బొటనవేలితో నొక్కి చూశాడు. "దీనికింకా శానా నడకుంది" అన్నాడు. పక్కపక్కనే రెండు ముక్కలు కోశాడు. ఒకటి నేను, రెండోది నా కుడి. ట్యూబు చీల్చి పట్టాలు వేసి మేకులు కొట్టాడు. లారీకి నాతోపాటు ఇంకా బోలెడు టైర్లుండేవి, వాటిలో ఒక్కదానితో కూడా నాకు మాటల్లేవు. ఈ కుడితో మాత్రం మొదటిరోజే కుదిరింది. నేను అడుగేస్తే అది ఆగేది, అది అడుగేస్తే నేను ఆగేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఇంత పద్ధతి నేను చూడలేదు.

వస్తువులు చేతులు మారతాయని మనుషులంటారు. నేను చేతులు మారిన పాపాన పోలేదు. కాళ్ళు మారాను.

మొదటి కాళ్ళు పోలయ్యవి. పోలయ్య కావిడివాడు. ఒక బుట్టలో ఉప్పు, ఒక బుట్టలో ఎండుచేపలు వేసుకుని నేరేడువలస నుంచి కొండెక్కి, అవతల ఉన్న పనసపాడులో దిగేవాడు. తిరిగొచ్చేటప్పుడు పసుపు, చింతపండు. వెళ్ళేటప్పుడు ఆ చేపల వాసనకి మా వెనక పిల్లులు వరసకట్టి నడిచేవి. ఆ వరస చూసి పెళ్ళి ఊరేగింపనుకుని పక్క ఊరి బాజాలవాళ్ళు ఎదురొచ్చారు. పిల్లుల్లో పెళ్ళికొడుకు ఎవరో తేల్చుకోలేక వెనక్కి పోయారు.

ఆ కొండదారికి కొమ్మలమ్మ దారి అని పేరు. కొండ నెత్తిన, రెండు బండల సందున కనుమలో, పసుపు పూసిన రాయొకటి ఉంది. అదే కొమ్మలమ్మ. ఆవిడకి కోడి అక్కర్లేదు, కొబ్బరికాయ అక్కర్లేదు. ఎక్కేవాడు దారిలో తన ఒంటికి తగిలిన కొమ్మ ఒకటి విరిచి, పైదాకా మోసుకొచ్చి, ఆవిడ ముందు పడేసి దండం పెట్టాలి. అంతే మొక్కు. కొమ్మ లేకుండా వస్తే అమ్మవారు దారి మూసేస్తుందని అనేవారు. పోలయ్య భుజాన కావిడి మోస్తూ కూడా కొమ్మ విరవడం మానలేదు. చేతులు ఖాళీ లేకపోతే నోట కరుచుకుని ఎక్కేవాడు.

తర్వాత కొండ చుట్టూ తారురోడ్డు పడింది. రోడ్డు పడగానే మనుషుల కాళ్ళకి ఒక్కసారిగా నొప్పి పుట్టింది. అంతకుముందు రోజు దాకా ఒక్కరికీ లేని నొప్పి. పోలయ్య కొడుకు పైడిరాజు ఆటో కొన్నాడు. వాడికి నడకంటే ఎంత చిరాకంటే, పక్కింట్లో కారం అరువు తేవడానికి ఆటోలో వెళ్ళేవాడు. తిప్పుకోవడానికి చోటు లేక ఊరంతా చుట్టి వచ్చేవాడు. అప్పటికి కూర దించేసేవారు.

అయితే భక్తిలో మాత్రం లోటు రానివ్వలేదు. రోడ్డు మలుపు దగ్గర ఇంకో రాయి పెట్టి, దానికీ పసుపు పూసి, కొమ్మలమ్మని కిందికి దించారు. పైడిరాజు రోజూ పెరట్లో వేపాకు కోసి ఆటోలో పెట్టుకునేవాడు. మలుపు రాగానే తలా ఒక ఆకు ఇచ్చేవాడు. వాళ్ళు కూర్చున్నచోటు నుంచే విసిరి, చెంపలేసుకునేవారు. అమ్మవారికి ఆకులు అందుతూనే ఉన్నాయి. పైన దారిలో కొమ్మలు పెరుగుతూనే ఉన్నాయి.

పోలయ్య మోకాళ్ళు కూడా కొడుకు పక్షమే చేరాక మాకు పని పోయింది. పెంటకుప్ప తప్పదనుకున్నాను. కానీ మనుషులకు పాత చెప్పుతో ఇంకో పని ఉంది. వాళ్ళ బాగు చూసి ఓర్వలేనివాళ్ళు ఉంటారట. ఆ చూపు మా మీద పడి చస్తే చాలట. నన్ను ఆటో వెనక దిష్టికి కట్టారు. కుడిని పోలయ్య పెళ్ళాం బంగారమ్మ ఇంటికప్పు మీది సొరపాదుకి కట్టింది. పొద్దున్నే ఆటో బయల్దేరినప్పుడు నేను ఊగేదాన్ని, అది ఊగేది. మళ్ళీ సాయంత్రం దాకా అంతే.

ఆటో వెనక వేలాడేవాళ్ళకి ప్రపంచమంతా దూరమైపోతూ కనిపిస్తుంది. ఒక్క మనిషి మాత్రం దగ్గరగా కనిపించేది. పనసపాడు పిల్ల నూకరత్నం. ఆటో దిగి, డబ్బులిచ్చి, వెనక్కొచ్చి నిలబడి అదే పనిగా చూసేది. నన్నే చూస్తోందనుకున్నాను. టైరు చెప్పుని కదా, లారీ అనుభవం ఉంది, ఆడపిల్ల మనసు పడటంలో తప్పేముంది అనుకున్నాను. ఆమె చూసేది ఆటో పక్క అద్దంలో పైడిరాజు మొహాన్నని పెళ్ళి కుదిరాక తెలిసింది. ఆ బాధ నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళి శ్రావణమాసంలో. పొద్దు వాలే వేళ ముహూర్తం, పనసపాడులో. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగపెళ్ళివారు బయల్దేరారు. ముందు మా ఆటో, వెనక ఇంకొన్ని ఆటోలు. ఊరు దాటి మొదటి మలుపు తిరిగామో లేదో, కొండచరియ ఒకటి జారి రోడ్డు మీద పడుకుని ఉంది. మట్టి, బండలు, చెట్లు, అన్నీ వరసగా. రోడ్డు మలుపు కొమ్మలమ్మ కూడా ఆ మట్టికిందే ఎక్కడో ఉంది. దాటుదామని పైడిరాజు కొత్త బూటు ఆ బురదలో పెట్టాడు. కాలు వచ్చింది, బూటూ వచ్చింది, బూటు అడుగు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇంతలో వాడి ఫోన్ మోగింది. నూకరత్నం.

"ఏటి, ఎక్కడున్నావు?"

"రోడ్డు మీద కొండ జారిపోనాది రత్నం. మట్టి తీయాలంటే రేపవుద్దంట."

"రేపట్నుంచి మూఢం. మరి మూడు నెల్లు ముహూర్తం నేదని పంతులుగోరు అంటన్నారు. ఇక్కడ మా మావ ఏటి సేసినాడో తెలుసా? సన్నిబాబుకి తలంటోసేసి, కొత్త పంచె కట్టేసి, పందిట్లో కూకోబెట్టీసినాడు. ఏటి మావా ఇదీ అంటే, 'ఊరికేనే' అంటన్నాడు."

సన్నిబాబు ఆమె మేనమామ లచ్చన్న కొడుకు. పిల్లని తన ఇంటికే చేసుకోవాలని లచ్చన్నకి మొదట్నుంచీ ఉంది.

పైడిరాజు ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. "సుట్టూ తిరిగొస్తే..."

"అలా తిరిగొస్తే సన్నిబాబు పిల్లల బారసాలకి అందుతావు. మీ నాన్న సేపలట్టుకొచ్చిన దారేటయింది? ఆ సేపలేటి ఎగిరొచ్చినాయా? నువ్వొస్తావా, నన్నే రమ్మంటావా?"

ఫోన్ కట్టయింది.

పైడిరాజు కొండవైపు చూశాడు. ఎడ్లు ఏనుగుని చూసినట్టు చూశాడు. అప్పుడు పోలయ్య రొమ్ము విరుచుకున్నాడు. "ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసురా. నడు."

"కాళ్ళకేటి ఏసుకోను నాన్నా?"

అందరూ నావైపు చూశారు. ఇన్నాళ్ళకి ఒకరు దిష్టి కోసం కాకుండా నన్ను చూడటం అదే మొదలు. వెంటనే నన్ను విప్పారు. కుడి కోసం ఇంటిల్లిపాదీ వెనక్కి పరిగెత్తాక, సొరపాదు దగ్గర బంగారమ్మ అడ్డం పడింది.

"ఒరే, ఆ సెప్పు తీసేత్తే నా సొరపాదు ఏటవ్వాల? ఎదురింటి గవరమ్మ కళ్ళు అసలే మంచియి కావు!"

"నీకు కోడలు కావాలా, సొరకాయ కావాలా?" అన్నాడు పోలయ్య.

బంగారమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణం చాలా పొడుగు. తర్వాత నిచ్చెన తెచ్చింది.

కుడీ నేనూ మళ్ళీ ఒక మనిషి కిందికి వచ్చాం. అది ఎండకి కాస్త వంగింది, నేను డీజిలు పొగకి నల్లబడ్డాను. నలుపు నాకు ముందే ఉందనుకోండి. అది ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. చెప్పులం కదా.

కొండెక్కడానికి నలుగురే మిగిలారు. మిగతా చుట్టాలు, పెళ్ళయ్యాక విందెక్కడో కబురు పెట్టమని ఆటోల్లోనే కునుకు తీశారు. ముందు పోలయ్య, చేతికర్రతో. వెనక పైడిరాజు, చేత కత్తితో. ఆ వెనక బంగారమ్మ, కొంగున తాళిబొట్టు మూటకట్టుకుని. చివర డోలు గంగులు, పొట్టమీద డోలు, దానికింద ఇంకో పొట్ట.

దారి మొదలే కనిపించలేదు. తలంబ్రాల కంప మనిషెత్తు పెరిగి గోడలా నిలబడింది. పైడిరాజు ఒక దెబ్బ వేస్తే ఆ చిట్టిపూలు గుప్పెడు రాలి వాడి నెత్తిన పడ్డాయి.

"ఇంకా తాళి కట్టకుండానే తలంబ్రాలు పడిపోతన్నాయి రా" అన్నాడు గంగులు.

"నువ్వు నోరు ముయ్యి. డోలు కొట్టడానికి పిలిసినాం, మాటలు కొట్టడానికి కాదు" అంది బంగారమ్మ.

పోలయ్య వెనక్కి తిరిగి చెప్పాడు. "తగిలిన కొమ్మ పారీకండి. అమ్మోరికి ఒట్టుకెళ్ళాల."

కాసేపటికి నేలంతా నాకు గుర్తుకొచ్చేసింది. ఇక్కడ వేరు, ఇక్కడ జారుడు, ఇక్కడ పోలయ్య ఒకసారి చేపల మీద పడి లేచిన చోటు. అడుగడుగునా తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, నాకు నోరు లేదు. ఉన్నదల్లా ఒక పట్టా.

సగం ఎక్కాక దారి రెండుగా చీలింది. రెండువైపులా ఒకే పచ్చదనం. కళ్ళు మూసుకున్నా తెలుసన్న పోలయ్య, కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "కుడి" అన్నాడు, చాలా గట్టిగా. తెలియనప్పుడే మనుషుల గొంతు అంత గట్టిగా వస్తుంది.

కుడివైపు వెళ్తే లోయ. ఒకసారి పోలయ్య దొడ్డికి వెళ్ళి అక్కడే దారితప్పాడు. ఎడమవైపు కనుమ. నేను ఎడమచెప్పుని. ఇంతకంటే తగినవాళ్ళు ఎవరుంటారు? పైడిరాజు కుడివైపు అడుగెయ్యబోయాడు. నేను బురదలో పళ్ళు బిగించి ఆగిపోయాను. వాడు లాగాడు. నేను పట్టా తెంపుకున్నాను. తెగిందని వాళ్ళనుకున్నారు, అనుకోనివ్వండి. పైడిరాజు కత్తితో సహా ఎడమవైపు కంపలో వెల్లకిలా పడ్డాడు.

"ఓలమ్మో, నా కొడుకు!" అని బంగారమ్మ కేక పెట్టింది.

"అమ్మా, వీపుకేదో రాయి గుచ్చుకుంది" అన్నాడు వాడు, ఆకుల్లోంచి.

పోలయ్య వంగి కర్రతో ఆకులు తోశాడు. నడుమెత్తు బల్లపరుపు రాయి. అంచున నాచుకింద నున్నగా అరిగిన గుంట. ముసలాయన దాన్ని చేత్తో తడిమి, ఉన్నట్టుండి నేలమీద కూలబడ్డాడు.

"నా రాయేరా ఇది. నేను కావిడి దించుకునే రాయి. ఎడం పక్కేరా దారి. నా బుర్ర పాడుగాను, నా రాయినే మరిసిపోనాను."

"కళ్ళు మూసుకున్నా తెలుసన్నావు గదా" అంది బంగారమ్మ. అంటూనే తన మెళ్ళో గుత్తిగా వేలాడే పిన్నీసుల్లోంచి పెద్దది తీసి నా పట్టా కలిపి గుచ్చింది. లారీ గ్యారేజీలో కూడా నాకు ఇంత మంచి మరమ్మతు జరగలేదు.

అక్కణ్ణుంచి ఎక్కడం కష్టమైపోయింది. పొద్దు వంగుతోంది. పైడిరాజు అరచేతులు పొక్కాయి. ఒకచోట ఆగి, చంకలో ఇరికించుకున్న కొమ్మల మోపు సర్దుకుంటూ వెనక్కి చూశాడు. తాము వచ్చినంత మేరా దారి తెరుచుకుని, కిందిదాకా నేల కనిపిస్తోంది. వాడు కొమ్మల్ని చూశాడు. దారిని చూశాడు. మళ్ళీ కొమ్మల్ని చూశాడు.

"నాన్నా... అమ్మోరు ఇన్నాళ్ళూ మన సేత దారి బాగుసేయించుకుందేటి?"

పోలయ్య తెల్లబోయాడు. "ఏమో రా. మేం కొమ్మేసి దండమెట్టుకున్నాం. అంతే."

"నేను పెరట్లో ఏపాకు కోసి అందరికీ ఇచ్చినాను. ఊరందరిసేతా ఇసిరించినాను." వాడు కత్తి నేలకి ఆనించాడు. "దారి మూసింది అమ్మోరు కాదు నాన్నా. నేనే."

"ఇప్పుడు తెరుస్తన్నావు గదా, తెరు" అంది బంగారమ్మ. ఓదార్పంటే ఆవిడకి తెలిసింది అంతే.

వాడు తెరిచాడు. అప్పటిదాకా పెళ్ళికోసం కొడుతున్న కత్తి, ఆ తర్వాత ఇంకో రకంగా కొట్టింది. అరికాలి బరువు మోసేదాన్ని, నాకు తెలుస్తుంది.

కనుమ ఎదురుగా కనిపిస్తుండగా కంప అన్నింటికంటే దట్టమైంది. కత్తి మొద్దుబారింది. సూర్యుడు చెట్ల నడుముకి దిగాడు. పైడిరాజు మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. "నా వల్ల అవదు నాన్నా. అక్కడ ఈపాటికి సన్నిబాబు..."

"గంగులూ, కొట్టరా" అన్నాడు పోలయ్య. "ఇంతదాకా వచ్చినామని వాళ్ళకి తెలియాల."

గంగులు డోలు ఎంత గట్టిగా కొట్టాడంటే, కింద నేరేడువలసలో కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి. ఆ చప్పుడు ఆగగానే కంప అవతలి నుంచి ఒక గొంతు లేచింది.

"ఆపీసినావేటి? కొట్టు! ఎటేపున్నారో తెలవద్దా!"

నూకరత్నం గొంతు. దాని వెనకే టపాటపా కత్తిదెబ్బలు. పైడిరాజుకి ఎక్కణ్ణుంచి వచ్చిందో బలం, మొద్దు కత్తితోనే కంపని ఉతికేశాడు. కొమ్మలు కదిలాయి, వంగాయి, చివరిది విరిగి పక్కకి పడింది. ఆ సందులో పెళ్ళికూతురు. నుదుట బాసికం, ఒంటిమీద పట్టుచీర, ఆ చీర గోచీ పోసి బిగించి ఉంది, చేతిలో కొడవలి.

"ఇంతసేపా?" అంది.

"నడిసొచ్చినాను" అన్నాడు పైడిరాజు. వాడి జన్మలో అంతకంటే పెద్ద మాట అనలేదు.

ఆమె కిందికి చూసింది. "ఓలమ్మ! ఆటో సెప్పు గదా ఇది?" అని నవ్వింది. ఈసారి మాత్రం నన్నే చూసింది. కచ్చితంగా నన్నే.

ఆమె వెనక ఆడవాళ్ళు, ఆ వెనక వగరుస్తూ పంతులుగారు, ఆ పక్కన లచ్చన్న. అందరికంటే వెనక, కొత్త పంచె అంతా మట్టి చేసుకుని, మనిషి కనిపించనంత కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని సన్నిబాబు.

"ఊరికేనే కూకోబెట్టినానన్నాడు మావ. ఊరికే కూకోడమెందుకు, కొమ్మలు మొయ్యమన్నాను" అంది నూకరత్నం.

ఆ సందులోంచి కనుమలోకి దాటి, అందరూ తమ కొమ్మలు కొమ్మలమ్మ ముందు వేశారు. సన్నిబాబు కూడా మోపు పడేసి చెమట తుడుచుకున్నాడు. "పెళ్ళికొడకా, నీ దారి బాగుంది గానీ, ఈ పిల్లని సేసుకోడం కంటే ఈ మోత సులువనిపించింది నాకు."

పంతులుగారు సూర్యుణ్ణి చూసి కంగారుపడ్డారు. "దిగేంత వ్యవధి లేదు. ముహూర్తం ఇక్కడే వచ్చేసింది."

లచ్చన్నకి చివరి ఆశ మిగిలింది. "పందిరి నేకుండా పెళ్ళేటి పంతులుగోరూ? మన వంశంలో ఉందా?"

పంతులుగారు చుట్టూ చూశారు. అటునుంచి కొట్టినవి, ఇటునుంచి కొట్టినవి, కొమ్మలమ్మ ముందు ఆవిడ తల దాకా పచ్చటి కొమ్మలు. "పందిరంటే పచ్చని కొమ్మలే కదయ్యా. ఇన్ని కొమ్మల పందిరి మీ వంశంలో ఎవరికి వేశారో చెప్పు."

సన్నిబాబే ముందుగా ఒక కొమ్మ పాతాడు. రెండు బండల సందున పందిరి లేచింది. తలంబ్రాల బియ్యం కింద ఊళ్ళో ఉండిపోయాయి. దోసిళ్ళతో ఆ కంపపూలే పోసుకున్నారు. గంగులు ఇంకోసారి కొట్టాడు. కోళ్ళు ఇంకోసారి మోసపోయాయి.

తాళి కట్టేముందు పైడిరాజు చెప్పులు విడిచాడు. తొందరలో ఎలా పడితే అలా కాకుండా, వంగి, మమ్మల్ని పక్కపక్కన పెట్టి, నా పిన్నీసు ఊడిందేమో చూసి మరీ వెళ్ళాడు. కుడీ నేనూ అక్కణ్ణుంచి పెళ్ళి చూశాం.

రోడ్డు మీద మట్టి తీసేశారు. పైడిరాజు మళ్ళీ ఆటో తిప్పుతున్నాడు. కానీ వేపాకులు ఇవ్వడం మానేశాడు. ఎవరైనా అడిగితే, "అమ్మోరికి ఆకు కాదు, కొమ్మ కావాల. సంతనాడు నాతో కొండెక్కండి, సూపిస్తాను" అంటున్నాడు. మొదట్లో నూకరత్నం ఒక్కతే ఎక్కేది. పుట్టింటికి దగ్గరదారి కదా. తర్వాత సన్నిబాబు అటునుంచి పసుపు మోసుకురావడం మొదలెట్టాడు. ఇప్పుడు సంతనాడు ఈ దారిలో మాటలు వినిపిస్తున్నాయి. బంగారమ్మ మాత్రం సొరపాదుకి సన్నిబాబు పాత చెప్పు కట్టింది.

మేమా? చీలికదారి దగ్గర, పోలయ్య రాయి పక్కన చెట్టుకి మమ్మల్ని జంటగా మేకేసి కొట్టాడు పైడిరాజు, వేళ్ళు కనుమవైపు ఉండేలా. ఇక ఎవరూ లోయలోకి పోరు. నోరు లేదని ఒకప్పుడు బాధపడ్డాను గానీ, ఇప్పుడు వచ్చిపోయేవాళ్ళందరికీ దారి చెప్పేది నేనే. కుడి కూడా చెబుతుందనుకోండి, నేను కొంచెం ఎక్కువ చెబుతాను. మేకు దిగేటప్పుడు నొప్పి పుట్టలేదా అంటారా? వాళ్ళకి మూడు ముళ్ళు, మాకు ఒక మేకు. ఏదో ఒకటి పడాలి కదా.

మీరెప్పుడైనా ఇటొస్తే, భుజానికి తగిలిన కొమ్మ ఒకటి విరిచి పట్టుకోండి. నా దగ్గరికి వచ్చాక మాత్రం మీ ఇంట్లో నేర్పింది పక్కన పెట్టండి. ఇక్కడ మలుపు ఎడమకి. ముందు ఎడమకాలే పెట్టాలి.